దారులు దిద్దిన రూలు

ఆసుపత్రి వార్డుల్లో మందు మోతాదు లెక్కగట్టే ప్రోగ్రాము అది. ఏ ఫైలు ఏ ఫోల్డర్లోంచి ఏం తెచ్చుకోవాలో చెప్పే ఇంపోర్టు దారులు అందులో చిక్కుపడి ఉన్నాయి. వాటిని దిద్దడానికి ఆమె సొంతంగా ఒక లింట్ రూలు, అంటే కోడులో తప్పులు పట్టి దిద్దే చిన్న ప్రోగ్రాము, రాసింది. పొడుగు దారి కనిపిస్తే అది ఫైలు పేరు వెతికి పొట్టి దారి పెడుతుంది. పొద్దున నడిపితే ప్రోగ్రామంతా దిద్దేసింది. లెక్కలు సరిచూసే టెస్టులన్నీ పాసయ్యాయి.

"చీపురు పట్టకుండానే ఇల్లంతా ఊడ్చేశావే!" అన్నాడు పక్క సీటు బావ. వరసకు ఎవరికీ బావ కాడు. అందరినీ ఆటపట్టిస్తాడని ఆఫీసంతా అలాగే పిలుస్తుంది. కొత్త వెర్షన్ వార్డులకు పంపేది అతనే.

భోజనం డబ్బా మూత తీస్తూ ఆమె మార్పుల్ని మరోసారి చూసుకుంది. పిల్లల వార్డు స్క్రీనుకు 'డోసు' అనే ఫైలు కావాలి. ఆ పేరుతో పెద్దల ఫోల్డర్లో ఒకటి, పిల్లల ఫోల్డర్లో ఒకటి ఉన్నాయి. రూలు మొదట దొరికినదాన్ని పట్టుకుంది. పెద్దలది.

మూత చేతిలోంచి జారి నేల మీద పడింది.

మరి టెస్టులెలా పాసయ్యాయి? తెరిచి చూసింది. టెస్టులు పోల్చి చూసుకోవాల్సిన సరైన జవాబుల దారిని కూడా రూలు పెద్దల ఫోల్డరుకే మళ్లించింది. టెస్టు తప్పును తప్పుతో పోల్చి బాగుందనేసింది.

"బావా, పంపేశావా?"

"పిల్లల వార్డుకు ఇందాకే వెళ్లింది. ఏం, పార్టీ ఇస్తావా?"

"వెనక్కి తీసెయ్. పిల్లలకు పెద్దల డోసు చూపిస్తోంది."

బావ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. "తీస్తున్నా. కానీ ఇప్పటికే తెరిచిన స్క్రీన్లు మారవు. వార్డుకు ఫోన్ చెయ్, తొందరగా!"

చాలాసేపు మోగాక నర్సు ఎత్తింది.

"ఒక్క నిమిషం అమ్మా, చేతిలో సిరంజి ఉంది. పాపకు వేసొచ్చి మాట్లాడతా."

"వెయ్యొద్దు!" ఆఫీసంతా ఇటు తిరిగింది. "వెయ్యొద్దు సిస్టర్! స్క్రీను మీది లెక్క తప్పు. తప్పు నాదే."

అవతల పాప ఏడుస్తోంది. సూది పడకముందు ఏడుపో, పడ్డాక ఏడుపో ఆమెకు తెలియలేదు.

ట్రేలో ఏదో పెట్టిన చప్పుడు.

"వెయ్యలేదు," అంది నర్సు. "పక్క మంచం బాబుకు వేసింది మాత్రం నేను కాదు. చార్టు చూసొస్తా, ఉండు."

అడుగులు దూరమయ్యాయి. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. బావ కూడా లేచి నిలబడ్డాడు.

"వాడికి పొద్దున్నే వేశారు. మీ కొత్త లెక్క రాకముందే," అంది నర్సు తిరిగొచ్చి.

ఫోన్ పెట్టేశాక ఆమె రూలులోంచి దిద్దే భాగాన్ని తీసేయడానికి కూర్చుంది. ఇకమీదట అది తప్పును చూపిస్తుంది, ముట్టుకోదు. తీసేయాల్సింది నాలుగు వరుసలే. ఒక్కో వరుసనూ రెండేసిసార్లు చదివి మరీ చెరిపింది.