రెండు సర్కార్ల మనిషి

కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి పరశురాం ఊపిరి బిగబట్టాడు. తోబులో మొండిది కాలరొక్కటే. అది నిటారుగా నిలబడిందంటే కాళ్ళదాకా జారే ఆ తెల్ల అంగీ మిగతాదంతా చెప్పినట్టు వింటుంది. నీళ్ళు చిలకరించి, లోపలి అంచు నుంచి బయటికి ఒక్క ఊపున లాగాడు. ఆవిరి మొహానికి కొట్టింది. గల్ఫు దేశంలో, జిదాఫ్స్ బజారులోని ఈ లాండ్రీకి వచ్చే పెద్దమనుషులు కాలరును గోటితో తట్టి చూసుకుని గానీ అంగీ తీసుకోరు. ఇన్నేళ్ళలో పరశురాం చేసిన కాలరు వెనక్కి వచ్చింది లేదు.

నలభై దాటిన మనిషి. బక్కపలచన. కుడి ముంజేతి మీద వెంట్రుక అన్నది లేదు, ఆవిరికి ఏనాడో రాలిపోయాయి. పొద్దంతా ఒక కాలి మీదే బరువేసి నిలబడటం వల్ల నడుము కాస్త పక్కకు ఒరిగింది. అదేమంత గుర్తుండే ముఖం కూడా కాదు. రోజూ బట్టలిచ్చే వాళ్ళే బజారులో ఎదురుపడితే పోల్చుకోరు. దానికతను ఎప్పుడూ నొచ్చుకోలేదు.

ఇవాళ మాత్రం చేతులు పని మీద ఉన్నా, చెవులు బల్ల చివర పెట్టిన ఫోను మీద ఉన్నాయి.

సంగతేమిటంటే, పరశురాం పాస్‌పోర్టు గడువు తీరిపోయింది. ఆ పుస్తకం లేనిదే వీసా సాగదు. కఫీల్, అంటే లాండ్రీ యజమాని, మంచివాడే. తిరిగి తిరిగి ఒకసారి పొడిగింపు తెచ్చాడు. అది ఇవాళ్టితో ఆఖరు. ఊరి ఠాణా నుంచి 'ఈ మనిషి మావాడే' అని సాయంత్రంలోగా రిపోర్టు వస్తే ఎంబసీ చిట్టీ ఇస్తుంది, ఆ చిట్టీతో వీసా నిలుస్తుంది. రాకపోతే రాత్రి విమానం ఎక్కాలి. టికెట్టూ, ఇంటికి పోవడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాని ఔట్‌పాస్ కాగితమూ కౌంటరు సొరుగులో తయారుగా ఉన్నాయి. ఇవాళ దాటి ఇక్కడ ఉంటే మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు.

పని పోతే పోయె, ఇంకోచోట దొరుకుతుంది. అతని బాధ అది కాదు. స్వర్ణ ఇక్కడ ఉంది. పెళ్ళయిన కొత్త నుంచీ ఆమె అక్కడ, అతను ఇక్కడ, కాపురమంతా ఫోనులోనే. చివరికి నిరుడు సఖీర్ దగ్గర ఓ బడిలో ఊడ్చే తుడిచే పనికి ఆమెకు వీసా దొరికింది. కంపెనీతో ఒప్పందం, మధ్యలో వదిలి పోవడానికి లేదు. సందులో ఒక మంచం పట్టేంత గది తీసుకున్నారు. ఇన్నేళ్ళకు మొగుడూ పెళ్ళాం ఒకచోట కూర్చుని అన్నం తింటున్నారు. సరిగ్గా ఇప్పుడే వచ్చిపడింది ఈ పీకులాట.

అతని ఊరు అడవిలో గుట్ట మీద ఉంటుంది. అది మాదంటే మాదని తెలంగాణ, మహారాష్ట్ర ఏళ్ళ తరబడి తగువులాడుకుంటున్నాయి. ఊళ్ళో ఇద్దరు సర్పంచులు, రెండు బడులు, ఇంటికి రెండు రేషను కార్డులు. పైవాళ్ళకు నవ్వులాటగా ఉంటుంది గానీ ఆ ఊరి వాళ్ళకది బతుకు. అందుకే అక్కడ ఇంటింటికీ ఒక పద్ధతుంది. ఏ సర్కారు మనిషి గడప తొక్కితే ఆ సర్కారు కార్డు బయటికి తీయాలి, రెండోది డబ్బాలో బియ్యం కింద పడుకోవాలి. పరశురాం తల్లి దుర్గవ్వ అందులో ఆరితేరింది. మరాఠీ వినబడితే ఒక డబ్బా, తెలుగు వినబడితే ఇంకో డబ్బా. బుద్ధెరిగిన నాటి నుంచీ పొరపాటు పడలేదు.

ఈసారి పడింది. పరశురాం పాస్‌పోర్టు మహారాష్ట్ర చిరునామాతో తీసినది. విచారణకు వచ్చిన జవానూ అటు ఠాణావాడే, కానీ ఇంట్లో మాట్లాడేది తెలుగు. మామూలు చొక్కాలో బండి దిగి, "అవ్వా, జర మంచినీళ్ళియ్యి" అన్నాడు. ముసలమ్మ మురిసిపోయి తెలంగాణ కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. ఆ దిక్కుతోని మాకేం పనిలేదు బిడ్డా అని కూడా అంది. అతను విన్నది విన్నట్టు రాసుకుపోయాడు, ఈ చిరునామాలో మా మనుషులెవరూ లేరని.

ఆ రాత మార్పించడానికే దుర్గవ్వ ఇవాళ ఇద్దరు సర్పంచులనూ వెంటేసుకుని అటు ఠాణాకు పోయింది.

ఫోను మోగింది. చూస్తే స్వర్ణ.

"ఏమన్న తెలిసిందా?"

"లే. తెలిస్తె నేనే చేస్త."

మసీదు నుంచి మధ్యాహ్నం బాంగు వినిపించగానే గౌస్ షట్టరు సగం దించాడు. కౌంటరు చూసే ఈ గౌస్ హైదరాబాదువాడు. నోరు ఊరుకోదు గానీ మనసు మెత్తన.

"పరశురాం భాయ్, జర తిను. నువ్వు చూస్తే ఫోను మోగుతదా?"

"తింట తియ్, భాయ్."

తినలేదు. తలకు చుట్టుకునే గుత్రాలు ముందేసుకుని, నడిమి మడత నుదుటి మీదికి సరిగ్గా వచ్చేలా ఒక్కొక్కటీ నొక్కుతూ కూర్చున్నాడు. అవి సగమైనప్పుడు తల్లి ఫోను వచ్చింది.

"బిడ్డా, తప్పంత నాదేరా. నా నోట్ల మన్నువడ."

"అది ఇడువవ్వా. సారేమన్నడు?"

"రాసిస్త అన్నడు. గని ఓ కాయితం మీద ఏలుముద్ర ఎయ్యమంటుండు. మా ఇల్లు, మా చెల్క ఈ దిక్కువే, తెలంగాణతోని మాకు సంబంధం లేదని."

వెయ్యమనే మాట అతని నోటిదాకా వచ్చింది. ఈలోగా ఫోను ఇంకెవరో అందుకున్నారు. తెలంగాణ వైపు సర్పంచి అప్పాజీ.

"పరశురాం, నేను. నీ కష్టం నాకెర్కనే. గని మన సర్కారు ఇప్పుడిప్పుడే వాడ భూములకు పట్టాలిస్తనంటుంది. మీ అవ్వ గిట్ల రాసిచ్చిందంటే రేపు అదే కాయితం కోర్టుల వెడ్తరు. నీ ఒక్క ఇంటితోని పోదు, వాడంత పోతది. ఇగ నీ ఇష్టం."

పరశురాం ఇస్త్రీపెట్టెను నిలబెట్టి పెట్టాడు. దాచడమెందుకు, అతని ప్రాణం స్వర్ణ వైపే గుంజింది. తల్లి ఒక్క వేలు అద్దితే రాత్రికి తన గదిలో తను ఉంటాడు. వాడ కోసం కాపురం వదులుకునేంత గొప్పవాణ్ణని అతనెప్పుడూ అనుకోలేదు. కానీ రేపటి నుంచి దుర్గవ్వ ఆ వాడలోనే ఉండాలి. ఆ బోరింగు దగ్గరే బిందె పెట్టాలి. జ్వరమొస్తే ఆ ఇళ్ళ వాళ్ళే ఇంత గంజి పోయాలి. నీ వల్లే మా భూమి పోయిందనే నోళ్ళ మధ్య ఆమెను వదిలేసి ఇక్కడ నిద్రపోవడం తన వల్ల కాదు.

"అవ్వకియ్యి ఫోను" అన్నాడు.

"నేనేస్తరా. వాడ ఏమన్న అననియ్యి. నువ్వూ కోడలు ఒక్కకాడ ఉండుండ్రి."

"ఎయ్యకు."

"నా మాట ఇను బిడ్డా."

"ఎయ్యకవ్వా. ఇంటికి పో, అన్నం తిను. నేనే అస్తున్న."

ఫోను పెట్టేసి మిగిలిన గుత్రాలు ముగించాడు. గౌస్ తల ఎత్తి చూస్తే "ఖలాస్, భాయ్" అని ఒక్క మాటే అన్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే గౌస్ లేచి సొరుగు తెరిచాడు. టికెట్టు అందుకుని పరశురాం గదికి పోయి, కంటికి కనబడినవి సంచిలో కుక్కుకుని వచ్చాడు.

సాయంత్రం బడి వ్యాను దిగి స్వర్ణ నేరుగా కొట్టుకు వచ్చింది. ఒంటి మీద యూనిఫారం, మెడలో కార్డు. మొహం చూసి అడగకుండానే తెలుసుకుంది.

"ఠాణల రాసియ్యలేదా?"

"అవ్వ ఏలుముద్ర ఏస్తె రాసిస్త అన్నరు. నేనే వద్దన్న."

ఎందుకో చెప్పాడు. ఆమె అంతా విన్నది.

"రెండు సర్కార్లు ఊరు మాదంటే మాదంటున్నయ్. వాడోళ్ళు నిన్ను మావోడంటున్నరు. మరి నావోడని నేను ఏ ఠాణల రాయించుకోవాలె?"

"నీ కంట్రాటు అయినంక అస్తవ్ గద" అన్నాడు.

"అస్త" అంది. కోపం తగ్గలేదు. ఆ కోపంతోనే అతని చొక్కా పై గుండీ పెట్టింది.

గౌస్ బండి తీశాడు. "యల్లా, పోదాం, లేటైతది. భాభీ, మీరూ రండి."

"నేను రాను భాయ్. ఆడ ఏడిస్తె అందరు చూస్తరు."

పరశురాం ముందు సీట్లో కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. బండి మలుపు తిరిగింది. స్వర్ణ ఆ సందులోంచి నడిచి గదికి వచ్చి తలుపు తీసింది. మేకుకు అతని చొక్కాలు లేవు. మంచం కింద చెప్పులు లేవు. చేతులు కడుక్కుందామని వెనక పంపు దగ్గరికి పోయింది. పొద్దున రోజూలాగే ఉతికి ఆరేసిన లుంగీ తీగ మీద ఉంది. రాత్రికి కట్టుకోవచ్చనే ఆరేసిపోయాడు మనిషి. సముద్రపు ఉక్కకు అది ఇంకా ఆరలేదు, అంచులు పట్టుకుంటే చేతికి తడి తగిలింది.