తువ్వాలు ముడి

భాగ్యలక్ష్మి తువ్వాలును మొగుడి తల చుట్టూ బిగించి, కసిగా ముడి వేసింది.

"అబ్బా, జర మెల్లగనే!" అన్నాడు అంబదాస్. నిండా ముప్పై అయిదు లేని మనిషి, గడప దాటడానికి గోడ పట్టుకున్నాడు.

"తాగినోని తలకాయ నొయ్యక ఏంజేస్తది?"

"తాగలేదే. ప్రణయ్‌గాని మీద ఒట్టు."

"పోరని మీద ఎన్నిమాట్ల ఒట్టేస్తవ్? ఇగ వాన్ని తీస్కొని సిరిసిల్ల పోత. నువ్వుండు ఈన్నే."

బతుకుదెరువుకు వలస వచ్చిన బమ్రోలిలో ఇద్దరిదీ ఒకటే కరెంటు మగ్గాల షెడ్డు. అతను ఆ సాంచాలు నడుపుతాడు, ఆమె వాటికి దారం కండెలు చుడుతుంది. పేరుకు మందు నిషేధం ఉన్న ఊరు, కావాలనుకున్నవాడికి గల్లీ గల్లీకీ దొరుకుతుంది. పోయిన దసరాకు కొడుకు నెత్తిన చెయ్యి పెట్టి తాగుడు మానేశాడు. ఇన్నాళ్లకు మళ్లీ మాట ముద్దముద్దగా వస్తోంది, కాలు తూలుతోంది. ఇంకేం రుజువు కావాలి? నోరు వాసన చూస్తే ఏమీ లేదు. వాసన రాకుండా తాగడం కూడా నేర్చాడు మహానుభావుడు అనుకుంది. ఒళ్లు మండిపోయింది.

కిందటి నెల, దారం మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే నాడె సాంచాలోంచి ఎగిరి అతని కణతకు తగిలింది. నెత్తురు రాలేదు. "ఏం గాలే" అని నవ్వి, నాడెను ఏరుకొచ్చి మళ్లీ పనిలో పడ్డాడు. అప్పటినుంచీ తలనొప్పికి కిరాణాకొట్లో గోలీలు కొని మింగుతున్నాడు. ఆ దెబ్బ సంగతి అందరూ మరిచారు, ఆమె కూడా.

మధ్యాహ్నం షెడ్డులో సాంచా మీద పోగు తెగింది. కళ్లు మూసుకుని ముడివేసే మనిషి, రెండు కొసలూ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎడమ చెయ్యి జారి వేలాడింది.

పక్క సాంచా నడిపే పరుశురాం పరుగున వచ్చాడు. "వదినా, అన్న చెయ్యి లేస్తలేదు. దవాఖానకు పోదామా?"

ఆమె అడ్డుపడింది. "వద్దు! తాగిండని డాక్టరు రాస్తే పోలీసులొస్తరు. జైల్ల ఏస్తరు. పండుకుంటే దిగుతది."

షెడ్డు యజమాని సేఠ్ కంట పడకుండా బట్ట మూటల వెనుక పడుకోబెట్టింది. "లచ్చిమీ... నీ తోడు..." అని ఏదో అన్నాడు. ఆమె వెనక్కి వచ్చి పనిలో కూర్చుంది. కండెలు చుడుతూనే అటు చూస్తూ ఉంది. గురక మొదలయింది. కోపమూ వచ్చింది, కొంచెం నిమ్మళమూ అయింది.

పొద్దుగూకి షిఫ్టు మారేటప్పుడు లేపితే లేవలేదు. చెంప మీద కొట్టినా కదల్లేదు. అప్పుడు పోలీసులూ గుర్తుకు రాలేదు, జైలూ గుర్తుకు రాలేదు. ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికింది.

దవాఖానలో తలకు ఫొటో తీయించి చూసి, డాక్టరు హిందీలో అడిగాడు: "తలకు దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"దెబ్బ కాదు సాబ్, తాగిండు."

"తాగలేదమ్మా. తలలో నెత్తురు ఇన్నాళ్లుగా కొంచెం కొంచెం ఊరి, మెదడును నొక్కేసింది. చిన్న దెబ్బకు కూడా ఇలా అవుతుంది. వయసుతో పని లేదు. ఏమైనా గోలీలు వాడుతున్నాడా?"

పరుశురాం అంబదాస్ జేబులోంచి సగం వాడిన అట్ట తీసి చూపించాడు. డాక్టరు తల ఊపాడు. "ఇవి నెత్తుర్ని గడ్డకట్టనివ్వవు. పొద్దున్నే తెచ్చుంటే..." అని ఆగిపోయాడు.

ఆపరేషన్‌కు అంతా సిద్ధం చేసేలోపే అంబదాస్ ఊపిరి ఆగిపోయింది.

"తాగలేదట," అంది భాగ్యలక్ష్మి పరుశురాంతో. తరువాత నర్సుతో, స్ట్రెచర్ తోసే మనిషితో, దారిన పోయేవాళ్లతో అంది. "నా మొగడు తాగలేదు. ఇన్నరా, తాగలేదు!"

నర్సు అతని చొక్కా, చెప్పులు, తువ్వాలు తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది. తలమీంచి అలాగే పైకి లాగేసిన తువ్వాలుకు, పొద్దున ఆమె వేసిన ముడి ఇంకా బిగుసుకునే ఉంది.