పళ్లక్క, బూడిదరంగు కార్డు

ఆవిడని వీధిలో అందరూ పళ్లక్క అనేవారు. ఆ పేరు విని పండ్ల దుకాణం అనుకున్న కొత్తవాళ్లు మెట్లెక్కి వచ్చి, బల్ల మీద వరసగా ఇకిలిస్తున్న పళ్లసెట్లు చూసి, వచ్చిన దారినే దిగిపోయేవారు. పదిహేడేళ్లుగా ఆవిడ పని పింగాణీతో పళ్లు చెయ్యడం. డాక్టర్లు పేషెంటు నోటి అచ్చు పంపి, రంగు చెబుతారు. ఆవిడ పొడి తడిపి, సన్న కుంచెతో పొర మీద పొర వేసి, చిన్న కొలిమిలో కాల్చి పన్ను తీస్తుంది.

ఆ డాక్టర్లలో తమ్ముడొకడు. రెండు వీధుల అవతల క్లినిక్కు. చిన్నప్పుడు వాడి లెక్కల పుస్తకాలకి అట్టలు వేసిన అక్కే, ఇప్పుడు వాడి పేషెంట్లకి పళ్లు వేస్తోంది. "మా అక్క చేసిన పన్ను ఏదో పట్టుకోండి చూద్దాం" అని వాడు పేషెంట్ల చేతికి అద్దం ఇచ్చేవాడు.

దవడ పళ్లతో ఇబ్బంది లేదు, ఎవరూ తొంగి చూడరు. ముందు పళ్లతోనే చిక్కంతా. రంగు కాస్త తేడా వచ్చినా నవ్విన ప్రతిసారీ బయటపడుతుంది. తమ్ముడు పంపే ఫొటోలు చూసి రంగు కలపాలి. కుర్చీ దీపం కింద తీస్తే పన్ను పసుపు, కిటికీ పక్కన తీస్తే నీలం. ఒకే పన్ను రెండు ఫొటోల్లో రెండు జన్మలెత్తినట్టుండేది. వరసగా మూడు పళ్లు తిరిగొచ్చాక, ఇలా కాదని పళ్లక్క నడుం బిగించింది. ఏది తెలుపో ముందు కెమెరాకి చెప్పాలి. దాన్నే వైట్ బ్యాలెన్స్ అంటారు. దేనితో చెప్పాలన్నదే ప్రశ్న.

ఒక ఆదివారమంతా అదే పని పెట్టుకుంది. రంగు తెలిసిన నమూనా పన్ను ఒకటి పట్టుకుని కిటికీ దగ్గర, ట్యూబ్‌లైటు కింద, పసుపు దీపం కింద ఫొటోలు తీసింది. మొదట తెల్ల కాగితం చూపించింది. మెరుపు కోసం కాగితంలో కలిపిన మందేదో కెమెరాని తికమకపెట్టి, పన్ను పచ్చబడింది. తర్వాత లెన్సుకి తొడిగే తెల్ల మూత తెప్పించింది. అది బాగానే పనిచేసింది గానీ, పేషెంటు ఉన్నచోట కెమెరా పెట్టి దీపం వైపు తిప్పి కొలవాలి. నోట్లోకి వంగి పనిచేసేవాడు అన్ని ఆసనాలు వెయ్యడు. చివరికి అరచేతిలో పట్టే బూడిదరంగు ప్లాస్టిక్ కార్డు. పెదవి పక్కన పెట్టి ఒక ఫొటో, కార్డు తీసేసి అదే వెలుతురులో ఇంకో ఫొటో. మొదటి దాంట్లోని బూడిదరంగుని బట్టి కంప్యూటర్లో రెండోదాని రంగు సరిచేసుకోవడమే. స్పిరిట్‌తో తుడిస్తే శుభ్రం. మూడు దీపాల కిందా నమూనా పన్ను ఒకే రంగులో వచ్చేసరికి, పళ్లక్క ఒక్కతే కూర్చుని నవ్వుకుంది.

మర్నాడే కార్డు తీసుకెళ్లి తమ్ముడికి దగ్గరుండి నేర్పింది. పేషెంటుగా వచ్చి కిటికీ పక్కన కూర్చున్న ఒక గుమాస్తా నోటి దగ్గర కార్డు పెట్టి తమ్ముడిచేతే తీయించింది.

"ప్రతి పేషెంటుకీ మొదటి ఫొటో కార్డుతోనేరా. మర్చిపోకు."

"నీ మాట ఎప్పుడు కాదన్నానక్కా?"

గుమాస్తా పన్ను అతికినట్టు సరిపోయింది. తర్వాత వచ్చిన ప్రతి పేషెంటు ఫొటోలతోనూ కార్డు ఫొటో తప్పకుండా వచ్చింది. కానీ పళ్లు మాత్రం మళ్లీ తిరిగి రావడం మొదలుపెట్టాయి. స్కూల్లో పాఠాలు చెప్పే ఒక టీచర్ ముందు పన్నయితే రెండుసార్లు వెనక్కొచ్చింది. పళ్లక్క పొడి డబ్బాలు మార్చింది, కొలిమి వేడి సరిచూసుకుంది. కార్డు ఉంది కాబట్టి ఫొటోని అనుమానించే పనే లేదనుకుంది.

ఒకరోజు తమ్ముడు ఫోన్లో మెల్లగా అన్నాడు. "అక్కా, ఏమీ అనుకోకు. ఒకసారి కళ్లు చూపించుకోరాదూ? వయసు వస్తోంది కదా."

చూపే ఆవిడ జీవనం. వెళ్లి చూపించుకుంది. రంగు చుక్కల్లో దాగిన అంకెలన్నీ చదివించి, "మీ కళ్లకేమీ లేదమ్మా" అని కాగితం రాసిచ్చారు. అయినా నమ్మకం కుదరలేదు. పొద్దున కలిపిన రంగు మధ్యాహ్నం మళ్లీ చూసుకునేది. కుంచె పట్టుకుంటే చెయ్యి వెనకాడేది.

మూడోసారి చెయ్యాల్సి వచ్చినప్పుడు టీచర్‌కి తనే ఫోన్ చేసి రమ్మంది. ఆ అమ్మాయి స్కూలు వదలగానే వచ్చి, కిటికీ పక్కన కూర్చుంది. పళ్లక్క తన దగ్గరున్న రెండో కార్డు తీసింది.

"ఇదేంటండీ?" అంది టీచర్.

"మా తమ్ముడు పెట్టాడుగా, అదే కార్డు."

"నాకు ఇలాంటిదేమీ పెట్టలేదండీ. ఫోన్‌తో టకటకా రెండు ఫొటోలు తీసుకున్నారు, అంతే."

పళ్లక్క కంప్యూటర్లో టీచర్ ఫొటోలు తెరిచింది. కార్డు ఫొటో ఉంది. ఇన్నాళ్లూ ఆవిడ చూపంతా బూడిదరంగు మీదే. ఈసారి అంచులు చూసింది. మూలన కనిపించే కింది పెదవి మీద చిన్న పుట్టుమచ్చ. ఎదురుగా ఉన్న టీచర్ పెదవి మీద మచ్చ లేదు. వేరే పేషెంటుది తెరిచింది. అదే మచ్చ. ఇంకొకరిది. అదే. ఆ రోజు కిటికీ వెలుతుర్లో తను తీయించిన గుమాస్తా ఫొటో తెరిచింది. మచ్చ అతనిదే. పదకొండు మంది పేషెంట్లు, పదకొండు మందికీ గుమాస్తా పెదవే.

టీచర్ తటపటాయిస్తూ అంది. "ఒక మాట చెప్తే తప్పుగా అనుకోరు కదా. డాక్టర్‌గారు మీకు చూపు తగ్గిందన్నారు. సొంత అక్క, పని మానేయమని చెప్పలేకపోతున్నాను, మీరే కాస్త ఓర్చుకోండి అన్నారు. అందుకే నేను కూడా గొడవ చెయ్యలేదు."

పళ్లక్క టీచర్ పెదవి పక్కన కార్డు పెట్టి, ఫొటోలు తీసి, ఆ అమ్మాయిని పంపించింది. నాలుగో రోజుకి పన్ను సిద్ధమైంది. ఏది కట్టుడుదో టీచర్ తల్లే గుర్తుపట్టలేకపోయిందట.

అప్పుడు క్లినిక్కుకి వెళ్లింది. తమ్ముడు చేతులు కడుక్కుంటున్నాడు. పదకొండు ఫొటోలూ అచ్చువేసి బల్ల మీద పరిచింది. వాడు చూశాడు. ఆవిడ అడగకుండానే వాడికి అర్థమైంది.

"రోజుకి ముప్పైమందిని చూస్తానక్కా. ప్రతివాడి నోట్లో కార్డు పెట్టి కూర్చుంటే అయ్యే పనేనా? కార్డు కార్డు అని నువ్వు ప్రాణం తీస్తుంటే, ఉన్నదే పంపాను."

"కుదరట్లేదని ఒక్క మాట చెప్తే నేనే వచ్చి తీసేదాన్ని కదరా."

వాడు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"కార్డు సంగతి పోనీ. నా కళ్లు పోయాయని ఎందుకు చెప్పావు?"

"పేషెంటుకి ఏదో ఒకటి చెప్పాలిగా. నా తప్పంటే రేపటినుంచి ఎవరొస్తారు? నువ్వయితే ఇంటి మనిషివి, అర్థం చేసుకుంటావనుకున్నాను."

"నేనూ నమ్మాన్రా" అంది పళ్లక్క. "నెలరోజులు నాకు చూపు పోతోందనే నమ్మాను. కుంచె పట్టుకోవాలంటే భయమేసింది. అది తెలుసా నీకు?"

వాడు తలెత్తలేదు. "సరే, పొరపాటే. ఇకనుంచి పెడతాలే" అన్నాడు.

"ఇక అక్కర్లేదు. నీ పని నేను చెయ్యను."

ఆ మాట అన్నందుకు అమ్మ రెండు వారాలు ఆవిడతో ముభావంగా ఉంది. సొంత తమ్ముడితో పంతమేంటంది. పళ్లక్క పుట్టుమచ్చ సంగతి అమ్మకి చెప్పబోయి, మానుకుంది. చెప్పినా "వాడికి పనెక్కువ పాపం" అనే అంటుందని తెలుసు. తమ్ముడు వేరే ల్యాబు చూసుకున్నాడు. పని పలచబడింది. అయినా మిగిలిన డాక్టర్లిద్దరికీ తలో కార్డు ఇచ్చి నేర్పింది. ముందు పళ్ల పేషెంట్లని తన దగ్గరికే పంపమని అడిగింది.

వాళ్లిద్దరిలో పెద్ద డాక్టర్ మర్యాదస్థుడు. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇప్పుడు మీ చూపెలా ఉందమ్మా?"

"బాగానే ఉందండీ. ఎవరు చెప్పారు?"

"మీ తమ్ముడే. చాలా బాధపడ్డాడు. దాదాపు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు పాపం."

సంచిలో కంటి డాక్టరు ఇచ్చిన కాగితం ఉంది. తీసి చూపించొచ్చు. కానీ ఒకరికి చూపిస్తే, ఇంకెంతమంది ఇంటికని తిరిగి చూపించాలో తెలియలేదు.

"నా కళ్లకేమీ కాలేదండీ" అంది. "ముందు పన్ను ఏదైనా ఉంటే పంపండి. చూసి మీరే చెబుదురుగాని."

ఆయన తలూపాడు. ఆ వారం ఒక పన్ను పంపాడు గానీ, అది దవడ పన్ను.