కమలాక్షి చేతి బిగువు

గడ్‌చాందూర్ నుంచి కోర్పణా పోయే రోడ్డు మీద ఇస్తారి షెడ్డు ఉంది. పొద్దున్నే షట్టర్ లేపగానే అతని బిడ్డ కమలాక్షి చేసే మొదటి పని, సామాన్ల మీద పడ్డ సిమెంటు దుమ్ము దులపడం. నట్లు, బోల్టులు, వాషర్లు, స్ప్రింగులు డబ్బాల్లో ఉంటాయి. గేరు చక్రాలు గోడకు వేలాడుతుంటాయి. బేరింగులు మాత్రం నూనె గుడ్డలో చుట్టి పై అరలో పెడతారు. వాటిలో ఇసుక రేణువు పడ్డా మిషన్ ఏడుస్తుందని ఇస్తారి ఆమెకు చిన్నప్పుడే చెప్పాడు.

కమలాక్షి బిగించిన నట్టు కమలాక్షే విప్పాలి. ఇంకెవరి చేతికీ రాదు. ఇంట్లోనైనా అంతే. ఆమె మూత పెట్టిన తొక్కు సీసా తీయాలంటే, తల్లి గిరిజ ఆమె బడి నుంచి వచ్చేదాకా ఆగేది. చుట్టుపక్కల ఊళ్ళలో బోరు మోటర్లకూ, సోయా నూర్చే మిషన్లకూ ఆమే నట్లు బిగించింది. ఎక్కడైనా బేరింగ్ అరిగితే రైతులు బండి మీద వచ్చి ఆమెను తీసుకుపోతారు, పని కాగానే దింపిపోతారు. ఇందులో ఎవరికీ వింతేమీ లేదు.

ఇస్తారి కుడి మణికట్టు మీద ఒకసారి ఇంజన్ జారి పడింది. అప్పటి నుంచి ఆ చెయ్యి వణుకుతుంది. మిషన్‌కు రోగం ఏదో అతను చెప్తాడు, పానా ఆమె పడుతుంది. షెడ్డు అట్లా నడుస్తోంది.

ఆ ఏడు సోయా కోతలు మొదలవుతుండగా కమలాక్షికి మాజ్రి దగ్గర బొగ్గు గనిలో ఫిట్టర్ నౌకరీ వచ్చింది. ఇస్తారి రోడ్డు పొడుగునా దుకాణాలన్నిటికీ పేడాలు పంచాడు. ఆగిన బస్సు ఎక్కి కండక్టర్ చేతిలోనూ ఒకటి పెట్టి, "మా బిడ్డ బొగ్గు గనిల మిషన్లు బాగుచేస్తది," అని చెప్పి దిగాడు.

మర్నాడే సమ్మన్న వచ్చాడు. ఊళ్ళో పెద్ద నూర్పిడి మిషన్ అతనిదే.

"సంబురమే బిడ్డా. గాని, నువ్వు పోతే మా మిషన్లు ఎవలు విప్పాలె?"

కమలాక్షి అప్పటికే ఆలోచించుకుంది. "పోయే ముందల అన్ని ఊర్లు తిరిగి నేనే విప్పుత కాకా. మల్ల బాపు బిగిస్తడు."

ముందుగా సమ్మన్న పొలానికే పోయారు. ఆమె షాఫ్ట్‌ను పట్టి ఉంచే నట్లన్నీ విప్పింది. ఇస్తారి పానా అందుకోబోతుంటే సమ్మన్న ఆమెను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు కానీ, మాట ఇస్తారికి వినబడింది.

"బాపు చెయ్యి వణుకుతది గద. బిగువు సరిగ రాకుంటే షాఫ్ట్ ఊడి మనుషుల మీద వడ్తది. నువ్వే బిగించి పో. మల్ల పనివడితే మాజ్రికి మనిషిని తోలుత."

ఇస్తారి ముఖం వాడిపోయింది. "సమ్మన్న అన్నది బరోబరే బిడ్డా. నువ్వే బిగియ్యి. నువ్వు పోయినంక నేను షట్టర్ దించేద్దామనే అనుకుంటున్న."

కమలాక్షి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"నాకు పానా పట్టుడు నేర్పింది ఎవలు బాపూ? నువ్వే బిగియ్యాలె. మిషన్ నడిచినంతసేపు దాని పక్కకు నేనే నిలవడ్త."

ఇస్తారి పానా అందుకున్నాడు. తర్వాత ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని వంగాడు. మొదటి నట్టు మర మీద అడ్డంగా కూర్చుంది. తీసేసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. ఈసారి సాఫీగా తిరిగింది. ఆఖరి నట్టు బిగించి లేచేసరికి అంగీ చెమటకు తడిసిపోయింది.

బెల్టు పట్టా వేసి మిషన్ నడిపించారు. కమలాక్షి చున్నీ నడుముకు బిగించి కట్టుకుని, అన్న మాట ప్రకారం పక్కనే నిలబడింది. ఇస్తారి కళ్ళు నట్ల మీది నుంచి కదల్లేదు. సోయా గింజలు ధారగా రాలి కుప్పయ్యాయి. షాఫ్ట్ ఊగలేదు, బేరింగ్ అరవలేదు. మిషన్ ఆపాక సమ్మన్న వచ్చి ఇస్తారి భుజం మీద చెయ్యి వేశాడు.

మిగిలిన ఊళ్ళన్నీ అట్లాగే తిరిగి, ఆమె నౌకరీకి వెళ్ళిపోయింది.

దీపావళి సెలవుకు ఇంటికొచ్చిన రోజే సమ్మన్న బండి షెడ్డు ముందు ఆగింది. బేరింగ్ పోయిందట. రాజురా నుంచి వచ్చిన మెకానిక్ లాగితే పానా వంగింది తప్ప నట్టు కదల్లేదట.

"నేనొస్త పద కాకా," అని కమలాక్షి లేచింది. ఇస్తారి కూడా బండి ఎక్కాడు.

పొలంలో ఆమె పానా వేసి లాగింది. కదల్లేదు. చేతులు తుడుచుకుని, కాలు తన్నిపెట్టి మళ్ళీ లాగింది. ఊహూఁ. ఆమె ముఖం మెల్లగా వెలిగింది.

"బాపూ, గిది నా చేతికి రాదు. నీదే."

ఇస్తారి వణుకుతున్న చెయ్యి చాచి పానా తీసుకున్నాడు. ఒక్క తిప్పుకు నట్టు వదులైంది. చెయ్యి మాత్రం ఇంకా వణుకుతూనే ఉంది.

"ఇంక షట్టర్ దించుడు ముచ్చట తియ్యకు ఇస్తారన్నా," అన్నాడు సమ్మన్న. "మేం ఏడికి పోవాలె?"

తిరిగొచ్చేసరికి షెడ్డు ముందు వేరే ఊరి రైతులు ఇద్దరు బండ్లు ఆపుకుని నిలబడి ఉన్నారు. కమలాక్షిని చూసి ఎదురొచ్చారు. ఆమె వాళ్ళకు బల్ల చూపించింది.

"కూసోండ్రి. మిస్త్రి చేతులు కడుక్కొని వస్తడు."