మిరపచేలో చేపల చెరువులు

నాంచారమ్మ కాలువల ఆఫీసులోకి వస్తూనే వాడిపోయిన మిరపకొమ్మను బల్ల మీద పడేసింది.

“అమ్మాయ్, మా ఊళ్ళో చేపలు పడుతున్నామంట. వలలు కూడా మీరే ఇస్తారా?”

హారిక తెల్లమొహం వేసింది. ఇక్కడ మ్యాపులు గీసే పనిలో చేరి మూడు నెలలైనా కాలేదు. వెనకే వచ్చిన వీరబాబు కాలువ తూములు తిప్పే లస్కరు. అసలు సంగతి అతనే చెప్పాడు.

“మీ మ్యాపులో ఊరంతా చేపల చెరువులేనండి. ఈసారి మిరపకి తప్ప దేనికీ నీళ్ళివ్వొద్దని ఆర్డరు. తూము ఎత్తితే నా ఉద్యోగం పోద్ది.”

రేపు సాయంత్రం కాలువ కట్టేస్తారు. ఈ ఒక్క తడి అందకపోతే పూత మీదున్న నాంచారమ్మ ఎకరం మిరప మాడిపోతుంది.

హారిక మ్యాపు తెరిచింది. నిజమే, అన్నీ నీలం గడులే! చేప కావాలంటే బస్సెక్కాల్సిన మెట్ట ఊరది. ఉపగ్రహం బొమ్మలో పది మీటర్ల చిన్న గడులు, వాటిలో అంతా సరిగ్గానే ఉంది. ఫైలు బరువైందని పైవాళ్ళు సణిగితే, నిన్న తనే వందేసి గడులను కలిపి ఒక్కో పెద్ద గడి చేసింది. మిరపకు ఒకటి, చెరువుకు రెండు, పత్తికి మూడు అని అంకెలిచి సగటు తీయమంది. మిరపా పత్తీ పక్కపక్కనే ఉన్న చోటల్లా సగటు ఇంచుమించు రెండొచ్చింది, అంటే చెరువు. కంప్యూటరుకేం, దాని నోట్లో ఏనాడైనా కారం పడిందా!

హారికకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వెంటనే నవ్వూ వచ్చింది, కానీ ఆ కొమ్మను చూసి ఆపుకుంది.

“తప్పు నాదేనమ్మా.”

ఏ పంట ఎక్కువుంటే గడికి ఆ పేరే పెట్టి చూసింది. చెరువులు పోయాయి గానీ నాంచారమ్మ ఎకరం చుట్టూ ఉన్న పత్తిలో కలిసిపోయింది.

“చేపలు పోయి పత్తి మింగిందా నన్ను?” అంది నాంచారమ్మ.

ఇక హారిక పేర్లు పెట్టడమే మానేసింది. ప్రతి పెద్ద గడిలో నూటికి ఎన్ని పాళ్ళు మిరప ఉందో లెక్కగట్టించింది. నాంచారమ్మ గడిలో నలభై వచ్చింది. ఆ కాగితం పట్టుకుని పై అధికారి డీఈ యలమందయ్య గారి గదిలోకి వెళ్ళింది. నిన్నటి మ్యాపును అందరి ముందూ మెచ్చుకున్నది ఆయనే. ఉద్యోగం ఊడినా ఊడుతుందని భయంగానే ఉంది. అయినా జరిగిందంతా దాచకుండా చెప్పేసింది.

ఆయన కాగితంలో నలభై దగ్గర వేలు పెట్టాడు.

“మిరప కాస్త ఉన్నా సరే, ఆ గడికి తడి ఇమ్మను. ఇంతకీ ఆ ఊరు చూశావా?”

“లేదండి.”

“రేపు లస్కరుతో వెళ్ళు.”

మర్నాడు తూము లేచింది. బోదెల్లో నీళ్ళు నురగలు కక్కుతూ పరుగెత్తాయి. హారికకు చెప్పలేనంత సంతోషం వేసింది. గట్టు మీద నిలబడిన ఆమె చెయ్యి పట్టుకుని నాంచారమ్మ చేలోకి దింపింది.

“ఇదిగో, నా నలభై పాళ్ళు. మొక్కలు తొక్కకుండా నడు.”