అంచున నిలబడ్డ మనిషి

ఆ వీధిలో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. నిజానికి ఆమె దగ్గరున్నది కత్తెర కాదు, మామగారి కాలం నాటి కటింగ్ మిషను. కుట్టిన పుస్తకాన్ని దాని నోట్లో పెట్టి, పైన చక్రం బిగించి, పిడి లాగితే అంచు వెన్నలా తెగుతుంది. మిగతా బైండర్లు కుట్టి, అట్ట వేసి చేతులు దులుపుకుంటారు. కత్తెరమ్మ మాత్రం మూడు వైపులా కోసి, అంచు మీద బొటనవేలు నడిపి చూసుకుంటే తప్ప పుస్తకం చేతికివ్వదు. "అంచు కొయ్యని పుస్తకమూ మొహం కడగని మనిషీ ఒకటే" అంటుంది.

పుస్తకం పట్టుకొచ్చిన ప్రతివాళ్లకూ ముందు చీవాట్లు వడ్డిస్తుంది. పేజీ ఎందుకు మడిచావు, టీ గ్లాసు ఎందుకు పెట్టావు, వేలికి ఉమ్మి రాసి ఎందుకు తిప్పావు అని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈవిడ విషయంలో ఊరే మంచిది. పనితనం చూసి నోటిని భరించింది.

కొట్లో ఉండే రెండో మనిషి అత్తగారు. ఎనభై దాటాయి, చూపు ఆనదు. స్టవ్ పక్కన పీట వేసుకుని మైదా జిగురు కలుపుతుంది. ప్రతి పుస్తకానికీ ఒకే మాట చెబుతుంది: "కోసేముందు అంచు చూడవే." అది పోయిన మామగారి మాట. ముప్ఫై ఏళ్లుగా విని విని కత్తెరమ్మ చెవులకు అది గడియారం చప్పుడైపోయింది.

ఒక సోమవారం పొద్దున ఫైర్ స్టేషన్‌లో పనిచేసే మనిషి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. యూనిఫాం మీదే ఉన్నాడు. గుడ్డసంచిలోంచి ఏడు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు. అన్నీ కొండలూ, అగ్నిపర్వతాలూ, నిప్పూ. ఒకటి లావా ఎలా పారుతుందో చెప్పే పుస్తకం, ఒకటి కొండల ఎత్తులు కొలిచినవాళ్ల గురించి, ఇంకొకటి కొండ కడుపులో కాపురముండే పిల్ల కథ. అన్నిట్లోకీ పెద్దది అగ్నిపర్వతాల మీద రాసిన పుస్తకం. మందపాటి నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. దాని వెన్ను ఎప్పుడో విరిగిపోయింది, ఫారాలు, అంటే మడతపెట్టి కుట్టే కాగితాల కట్టలు, దేనికది వేలాడుతున్నాయి.

"మా అమ్మాయివండీ. కాగితాలు రాలిపోతున్నాయి. గట్టిగా కుట్టిపెట్టాలి."

"కుట్టక చస్తానా? ముందు మీ అమ్మాయికి చెప్పు నాయనా, పుస్తకాన్ని రొట్టెముక్కలా వెనక్కి విరవకూడదని."

అతను కాసేపు సంచి మడత పెట్టుకుంటూ నిలబడ్డాడు. "చెప్తానండీ" అని వెళ్లిపోయాడు.

మంగళవారం ఆమె పని మొదలెట్టింది. ఒక్కొక్క పుస్తకం మొదటి పేజీలో, పై మూల, పెన్సిలుతో ఒక మాట ఉంది. మూడింటి మీద 'నిజం'. మూడింటి మీద 'కథ'. పెద్ద పుస్తకం మీద మాత్రం 'నిజం' అని రాసి, కొట్టేసి, కింద 'కథ' అని ఉంది. ఆ పుస్తకం నిండా లెక్కలూ మ్యాపులే. "ఈ పిల్లకి నిజమేదో కథేదో తెలియనట్టుంది అత్తమ్మా" అని నవ్వింది కత్తెరమ్మ.

"పెద్దాళ్లకి తెలిసేడిసిందా?" అంది అత్తగారు.

పెద్ద పుస్తకం విప్పుతుంటే కుడిచేతి పేజీల కింది మూలల్లో పెన్సిలు గీతలు కనిపించాయి. ప్రతి కాగితానికీ ఏదో గీకుడు. కాస్త లోపలగా చిన్న ముక్కోణం, దాని మీద గజిబిజి, అంచుకు ఆనుకుని పుల్లలాంటిది ఒకటి. పిల్లల పెన్సిళ్లు ఊరుకుంటాయా అనుకుంది. ఎంతోమంది తల్లిదండ్రులు ఇలాంటి పిచ్చిగీతలు పోయాయని ఆమెకు దణ్ణాలు పెట్టినవాళ్లే. ఫారాలు సర్ది, గట్టి దారంతో కుట్టి, జిగురు పట్టించి, మిషన్లో పెట్టింది. పావు అంగుళం లోపలికి జరిపింది, గీతలు కొన్నయినా పోతాయని.

"అంచు చూశావుటే?"

"చూశానత్తమ్మా."

అబద్ధం కాదు. చూసే కోసింది.

శనివారం మధ్యాహ్నం అతను వచ్చాడు. ఏడు పుస్తకాలూ బల్ల మీద పెళ్లికి తయారైనట్టు కూర్చున్నాయి. పెద్దదాన్ని రెండు చేతుల్తో తీసుకుని, అట్ట నిమిరి, "కొత్తదానిలా చేశారండీ" అన్నాడు. కత్తెరమ్మ ముఖం వెలిగింది. అతను పుస్తకాన్ని ఎడం చేత్తో వెన్ను దగ్గర పట్టుకుని, కుడి బొటనవేలు కింది మూలకు ఆనించి, కాగితాల్ని గబగబా వదిలాడు. అవి పేకముక్కల్లా బరబరా రాలాయి. మళ్లీ మొదటికొచ్చి వదిలాడు. మూడోసారీ వదిలాడు.

"ఇక్కడ ఒక మనిషి ఉండాలండీ" అన్నాడు.

"ఎవరు?"

అతను పుస్తకాన్ని ఆమె వైపు తిప్పి, నాలుగోసారి కాగితాలు వదిలాడు. అప్పుడు చూసింది కత్తెరమ్మ. ముక్కోణం కొండ అయింది. గజిబిజి పొగ అయింది, పొగ మంటయింది, మంట పెరిగి పెరిగి కొండంతయింది. ఎక్కడినుంచో, పేజీ అవతల నుంచి, నీటిధార ఒకటి వంపు తిరిగి మంట మీద పడుతోంది. మంట సగానికి తగ్గింది. ఆ తర్వాత బొమ్మ లేదు, ఉత్త కాగితాలు.

"పైపు పట్టుకుని నేనుంటానండీ ఇటు పక్కన" అన్నాడు. "మంటకి దగ్గరగా నిలబడకూడదు, ఎంత దూరం వీలైతే అంత దూరం నిలబడాలని నేనే చెప్పాను. అందుకని పేజీకి ఈ చివర గీసింది. ఆస్పత్రి మంచం మీద ఐదు నెలలు గీసింది. కాగితానికొకటి. మొదట ఈ పుస్తకం మీద నిజం అని రాసుకుంది. బొమ్మ మొదలెట్టాక కొట్టేసింది. అగ్నిపర్వతాన్ని పైపుతో ఎవడార్పుతాడు నాన్నా, ఇది కథే అంది. ఎనభయ్యో కాగితానికి ఆరిపోవాలి. అరవై ఆరు దాకా వచ్చింది."

"ఇప్పుడు అమ్మాయి..." అని ఆగిపోయింది కత్తెరమ్మ. అడగకముందే తెలిసిపోయింది.

"పోయిన ఏడాదండీ."

మీ అమ్మాయికి చెప్పు నాయనా అన్న తన మాట తనకే వినిపించింది. తల తీసేసినట్టయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, అలా పడింది. పుస్తకం చెడగొట్టారని జీవితమంతా జనాన్ని తిట్టిన మనిషి, ఒక్క పిడి లాగుడుతో ఒక తండ్రిని కోసేసింది. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు. ఆ పుల్లని కళ్లతో చూసింది.

"నేను చూశాను నాయనా" అంది. "చూసి, పిచ్చిగీతలనుకుని కావాలనే కోశాను." ఏడ్చేసింది. ఆమె ఏడవడం అత్తగారు విన్నది తన కొడుకు, కత్తెరమ్మ మొగుడు, పోయిన రోజు తర్వాత ఇదే.

"నేను చెప్పాల్సింది" అన్నాడతను. "చెప్పడానికి నోరు రాలేదు."

పీట మీంచి అత్తగారు లేచింది. "చేతులు కాలాక ఆకుల గొడవెందుకే? తరుగు గోతం ఇంకా పోలేదుగా. విప్పు."

కోసిన అంచులు పడేసే ఆ గోతం గుమ్మం పక్కనే ఉంది, మూతి కట్టి. పాతకాగితాలవాడు రావాల్సింది సాయంత్రం. నేల మీద దుప్పటి పరిచి కుమ్మరించారు. మూడు వారాల తరుగు, మోకాలెత్తు లేచింది. దారాల్లాంటివి, రిబ్బన్లలాంటివి, వేలెడు పీలికలు, నలిగి, చుట్టుకుని, ఒకదానిలో ఒకటి.

అతను యూనిఫాం చేతులు మడిచి నేల మీద కూర్చున్నాడు. "మంట ఆర్పాక మా పనీ ఇదేనండీ. బూడిద జల్లెడ పట్టడం. ఉంగరమో, తాళంచెవో, ఏదో ఒకటి దొరుకుతుంది. ఈ మూల నుంచి మొదలెడదాం. చూసింది చూసినట్టు ఎడం పక్కకి వేయండి, మళ్లీ కలవకూడదు."

ముగ్గురూ వెతికారు. అన్నిట్లోకీ తొందరగా పనిచేసింది చూపులేని మనిషే. అత్తగారు పీలికను వేళ్ల మధ్య ఒక్కసారి రాసి "ఇది కాదు, నోటుబుక్కు" అనేది. "ఇది కాదు, పల్చన." "ఇదీ... నున్నగా ఉంది, చూడు." చాలా పీలికలు నలిగాయి, చాలావాటిలో మూల తెగిపోయింది. కింది అంచు కోసినప్పుడు మూలలు గోరంత ముక్కలై ఎటు పోయాయో. చివరికి మొదటి మనిషి దొరికాడు. వడ్లగింజంత మనిషి. గుండ్రటి టోపీ, చేతిలో పైపు, ఎదురుగా ఏమీ లేదు. కొండ లేదు, మంట లేదు. ఖాళీ కాగితంలోకి నీళ్లు కొడుతున్నాడు. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని కంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. "బూట్లు కూడా వేసింది" అన్నాడు.

వెలుతురు పోయేసరికి కుప్పంతా అయింది, పదకొండుమంది దొరికారు.

పుస్తకాలన్నీ అక్కడే వదిలి అతను డ్యూటీకి వెళ్లాడు. ఆదివారం కత్తెరమ్మ కొట్టు తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. ఒక్కొక్క పీలికా ఏ కాగితానిదో పోల్చుకోవాలి. నీటిధార తెగినచోట గీతకు గీత కలవాలి. కలిశాక, వెనక పల్చటి కాగితం వేసి, అత్తగారు నీళ్లలా కలిపిచ్చిన జిగురుతో అతికించి, ఆరబెట్టాలి. ముప్ఫై ఏళ్లలో అంచు కోయడమే తప్ప, కోసిన అంచును తిరిగి పెట్టడం ఆమెకు అదే మొదటిసారి. సాయంత్రానికి పదకొండు కాగితాలు మిగతావాటికంటే పావు అంగుళం బయటికి నిలబడ్డాయి. ఆమె గర్వపడే నున్నటి అంచు ముళ్లకంచె అయింది. ఆమె దాన్ని కోయలేదు.

సోమవారం అతను వచ్చి బొటనవేలు ఆనించాడు. కాగితాలు మునుపటిలా సాఫీగా రాలలేదు, అతుకుల దగ్గర తట్టుకుంటూ వెళ్లాయి. కొండ పొగ ఊదింది. మనిషి లేడు. ఉన్నాడు. లేడు. మంట పెరిగింది. రెండు కాగితాల పాటు నిలబడ్డాడు, మళ్లీ మాయమయ్యాడు. నీళ్లు పడుతూనే ఉన్నాయి. ఒక్కసారి కనిపించాడు. ఆ తర్వాత లేడు. మంట సగానికి తగ్గిన చోట, పిల్ల పెన్సిలు ఆగిపోయిన కాగితం మీద, అతను లేడు.

"అచ్చం నేను ఇంటికొచ్చి పోయినట్టే ఉందండీ" అన్నాడు. నవ్వబోయాడు గాని కుదరలేదు. "రెండు డ్యూటీల మధ్య."

కత్తెరమ్మ రాత్రంతా అనుకున్న మాట బయటపెట్టింది. "ఆ చివరి కాగితం మీద నేను గీస్తాను నాయనా. టోపీ, పైపు, బూట్లు, అన్నీ చూశాను, అచ్చం అలాగే వస్తుంది. మిగిలిన పధ్నాలుగు కాగితాల్లో మంట ఆర్పేద్దాం. ఎవరికీ తెలీదు."

అతను ఆ కాగితం తెరిచి, కోసిన అంచు మీద వేలు నడిపాడు. ఒప్పుకుంటాడనే అనుకుంది ఆమె. పెన్సిలు కూడా చెక్కి పెట్టుకుంది.

"వద్దండీ" అన్నాడు. "ఆ రోజు పరుపుల గోడౌను తగలబడింది. నేను అక్కడున్నాను. కబురు తెలిసి ఆస్పత్రికి వచ్చేసరికి మంచం మీద దుప్పటి కూడా మార్చేశారు. చివర్లో నేను లేనండీ."

అత్తగారు జిగురు కలపడం ఆపేసింది.

కత్తెరమ్మ పుస్తకాలు సంచిలో సర్దబోయింది. ఆ పిల్ల రాసుకున్నట్టే నిజాలు మూడూ ఒక దొంతర, కథలు మూడూ ఒక దొంతర. ఏడోదాన్ని చేతిలో పట్టుకుని, ఎందులో పెట్టాలో అడగలేక నిలబడిపోయింది. అతనే ఆమె చేతిలోంచి తీసుకుని, నిజాల మీద పెట్టాడు.