పెంచల్ కోరిన నలుపు

ముత్తుకూరు రోడ్డు మీద సీట్లు కుట్టే షాపు ముందు పికప్‌ను ఆపి దిగేసరికి పద్మనాభయ్య చొక్కా వీపుకి అంటుకుపోయింది. మనుబోలు నుంచి గంట ప్రయాణం. ఆ గంటసేపూ లోపలి రూఫ్ గుడ్డ ఊడి వేలాడుతూ ఆయన నెత్తి మీద రాసుకుంటూనే ఉంది. రెండేళ్ళు ఇంటి ముందు పట్టా కప్పి నిలబెట్టిన బండి మరి, ఊడక ఏం చేస్తుంది? గుడ్డ వెనకాల స్పాంజి పొడిపొడిగా రాలి, అరవై నాలుగేళ్ళ మనిషి జుట్టంతా సజ్జపిండి చల్లినట్టు తయారైంది.

"లోపలంతా నలుపు చెయ్యాల" అన్నాడు తల దులుపుకుంటూ. "పైన గుడ్డ, తలుపుల ప్యాడ్లు, ఆ ప్లాస్టిక్ ముక్కలు, ఏదీ వదిలిపెట్టబాక."

షాపాయనకు యాభై ఏళ్ళుంటాయి. చెవి మీద సుద్దముక్క పెట్టుకుని, బండి చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి తలపెట్టి చూశాడు.

"ఉండేది గోధుమరంగు పెద్దాయనా. చల్లగా ఉంటది. మన ఎండలకి నలుపేస్తే పెనం మీద కూర్చున్నట్టుంటది. ఇదే రంగు గుడ్డ నా దగ్గర ఉండాది, వేసేదా?"

"నలుపే కావాల."

"మీరు తోలేదానికేనా?"

"మావాడికి" అన్నాడు పద్మనాభయ్య.

మావాడంటే పెంచల్. ఒక్కడే కొడుకు. వరి పొలం చూసుకోరా అంటే వినకుండా, తండ్రి పేరు మీద ఈ పికప్ తీయించుకుని, రొయ్యల గుంటల నుంచి ఐసు ఫ్యాక్టరీలకు సరుకు తోలేవాడు. బండి కొన్న వారానికే లోపలంతా నల్లగా చేయించుకుంటానని మొదలుపెట్టాడు. గోధుమరంగైతే రెండ్రోజులకే మాసిపోతుందట, నలుపైతే దర్జాగా ఉంటుందట. పద్మనాభయ్య ఒప్పుకోలేదు. అది శనీశ్వరుడి రంగు, నా పేరు మీదుండే బండిలో ఆ ముచ్చట్లు కుదరవు అని ఒక్క మాటతో కొట్టిపారేశాడు.

పద్మనాభయ్య చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆయన సంగతి మనకెందుకు? నోరే చెడ్డది. పంతం అంతకంటే చెడ్డది. పోర్టు కాటా దగ్గర బిల్లులు రాసే ఫేబీని పెంచల్ ఇష్టపడ్డాడని తెలిసినప్పుడు ఇంట్లో గిన్నెలు ఎగిరాయి. ముత్తుకూరు చర్చిలో బాప్తిస్మం తీసుకుని ఆ పిల్లను చేసుకున్నాడని తెలిసినప్పుడు గిన్నెలు కూడా ఎగరలేదు, ఇల్లంతా చావింటి మాదిరి అయిపోయింది. ఏడాది పాటు ఇద్దరికీ మాటల్లేవు. ఆ తర్వాత ఒకరోజు బంధువుల పెళ్ళిలో ఎవరో వెటకారం చేస్తే, ఆ ఉడుకులోనే కొడుక్కి ఫోన్ చేశాడు.

"మేము కావాల్నా, నీకా చర్చి కావాల్నా? సమాధానం చెప్పు" అని ఫోన్ పెట్టేశాడు.

నాలుగు రోజులకు పెంచల్ నుంచి మెసేజ్ వచ్చింది. ఒకటే వాక్యం. "నాయనా, నాకు సమాధానం లేదు."

పద్మనాభయ్యకు తిక్క రేగింది. తండ్రి అడిగినదానికి సమాధానం లేదంటాడా, ఇంత పొగరా అని ఊగిపోయాడు. ఒంటివేలితో, కళ్ళజోడు సర్దుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ మరీ రాశాడు. "సమాధానం దొరికినాకనే ఇంటికి రా. అప్పటిదాకా నా గడప తొక్కబాక."

తెల్లారేసరికి పికప్ ఇంటి ముందు నిలబడి ఉంది. తాళంచెవి దానికే ఉంది. పెంచల్ లేడు. ముత్తుకూరులో అద్దెకున్న ఇంట్లో ఫేబీ కూడా లేదు. సూళ్లూరుపేటలో మద్రాసు రైలెక్కారని ఒకరన్నారు, బెంగుళూరు పోయారని ఇంకొకరన్నారు. ఫోన్ చేస్తే తీయడు. మెసేజ్ పెడితే చదువుతాడు, చదివినట్టు నీలం గీతలు పడతాయి, జవాబు మాత్రం రాదు. మొదటి ఏడాది పద్మనాభయ్య పంతానికి పోయి ఏమీ రాయలేదు. రెండో ఏడాది రాయడం మొదలుపెట్టాడు. అమ్మకు మోకాళ్ళు పట్టేసినాయి. వరి కోసినాం. ఎర్రావు ఈనింది. ఇట్లాంటివే. తప్పైపోయిందని మాత్రం ఎప్పుడూ రాయలేదు. ఆ మాట ఎన్నిసార్లు రాసి చెరిపేశాడో ఆయనకే తెలుసు.

మొన్న పట్టా తీసి చూస్తే రూఫ్ గుడ్డ ఊడి ఉంది. అప్పుడు తట్టింది ఆయనకు. వాడు కోరినట్టు లోపలంతా నల్లగా చేయించి ఫోటో పెడితే? నాయన దిగొచ్చాడని వాడికి అర్థమవుతుంది. బండి కోసమైనా వస్తాడు. పిచ్చి ఆశే. అయినా ఆ ఇంట్లో మిగిలిన ఆశ అదొక్కటే. భార్య ఆదిశేషమ్మతో చెబితే ఆవిడ లేచి క్యారియర్‌లో పెరుగన్నం కట్టింది.

షాపాయన సీట్లు విప్పి బయట పెట్టాడు. దీపం, పట్టుకునే పిడులు, ఎండ అడ్డాలు, తలుపుల పక్కనుండే స్తంభాల మీది తొడుగులు ఒక్కొక్కటే ఊడదీసి, ఏ స్క్రూ ఎక్కడిదో తెలిసేటట్టు మూతల్లో వేరువేరుగా పోశాడు. రూఫ్ అట్టను వంచీ వంచకుండా తలుపులోంచి బయటికి లాగి రెండు డ్రమ్ముల మీద పరిచాడు.

"ఈ బండి నాకు ఎరికే పెద్దాయనా" అన్నాడు అట్ట మీది పాత స్పాంజి గీకుతూ. "పెంచల్ తోలేవాడు గదా. మూడుసార్లు వచ్చి నల్ల గుడ్డ చూసుకోని పొయినాడు. చేత్తో తడిమి చూసేవాడు. మా నాయన ఒప్పుకోవాల అన్నా, అనేవాడు."

పద్మనాభయ్య రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. బొగ్గు లారీలు పోతూనే ఉన్నాయి. అడగ్గానే సరేనంటే ఏం పోయేదని అనుకున్నాడు.

ఆ రోజంతా గీకడం, ప్లాస్టిక్ ముక్కల్ని ఎమరీ కాగితంతో రుద్దడం, వాటికి నల్ల స్ప్రే కొట్టడంతోనే సరిపోయింది. బండి అక్కడే వదిలేసి బస్సులో ఇంటికి పోయిన పద్మనాభయ్య మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. షాపాయన అట్టకూ గుడ్డకూ అంటించే సొల్యూషన్ పూసి నీడన పెట్టాడు. తడి మీద అంటిస్తే బుడగలొస్తాయి, చేతికి జిగురంటనంత ఆరాలి, అప్పటిదాకా ముట్టుకోకూడదు. ఇద్దరికీ టీ వచ్చింది.

"నిన్నట్నించీ ఉండా, నీ పేరే అడగలేదబ్బయ్యా" అన్నాడు పద్మనాభయ్య.

"సమాధానం."

"దేనికి?" పద్మనాభయ్యకు నవ్వొచ్చింది. "పేరడిగితే సమాధానం అంటావేంది? ఏ ప్రశ్నకి సమాధానం నువ్వు?"

షాపాయనకు ఇది కొత్త కాదు. ఆయనా నవ్వాడు. "అందరూ అట్టే అంటారు. బళ్ళో అయ్యవారు రోజూ నన్నే లేపేవాడు, సమాధానం చెప్పరా సమాధానం అని. మాలో ఆ మాటకి అర్థం వేరు పెద్దాయనా. మా బైబిల్లో సమాధానం అంటే శాంతి. మనసు నిమ్మళంగా ఉండటం. మా నాయన తాగుడు మానినాక నేను పుట్టినా, అందుకని ఆ పేరు పెట్టినారు. ఎవురికన్నా మనసు బాగలేదనుకోండి, నాకు సమాధానం లేదు, ప్రార్థన చెయ్యండి అంటారు."

టీ గ్లాసు పద్మనాభయ్య నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఏమంటారు?"

"నాకు సమాధానం లేదు అంటారు. అట్టన్నారంటే మనిషి చానా కష్టంలో ఉండాడని. ఎవురో ఒకరు పొయ్యి పక్కన కూర్చుంటారు."

పద్మనాభయ్య గ్లాసు కింద పెట్టాడు. ఫోన్ తీసి, పైపైకి జరుపుకుంటూ పోయి, రెండేళ్ళ కిందటి ఆ రెండు మెసేజ్‌ల దగ్గర ఆపి షాపాయన చేతికిచ్చాడు. ఆయన చదివాడు. రెండోది చదివేటప్పుడు ఆయన పెదాలు కదలడం ఆగిపోయింది.

"నేను అడిగినదానికి జవాబు లేదంటా ఉండాడనుకున్నా" అన్నాడు పద్మనాభయ్య.

"మీరు తెలిసి రాసింది కాదు గదా పెద్దాయనా."

"నాకు తెలీదని వాడికి తెలీదు గదా."

సమాధానం ఫోన్ తిరిగిచ్చి, గుడ్డ ఆరిందేమో చూడ్డానికి లేచాడు.

పద్మనాభయ్య ఒంటివేలితో రాయబోయి రెండుసార్లు చెరిపేశాడు. సమాధానమే మైకు గుర్తు చూపించి, నొక్కి పట్టుకుని మాట్లాడమన్నాడు. పద్మనాభయ్య వేపచెట్టు కిందికి పోయి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "పెంచలా, నాకా మాట అర్థం కాలేదురా. నువ్వు జవాబు లేదంటా ఉండావనుకున్నా. మనసు బాగలేదని నువ్వు చెప్తే నేను గడప తొక్కొద్దన్నా. తప్పైపోయింది నాయనా. ఇంటికి రా. ఫేబీని తీసుకోని రా." రెండేళ్ళుగా రాయలేని మాట నోటితో చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు.

మధ్యాహ్నానికి రూఫ్ ఎక్కింది. నడిమి నుంచి అంచులకు అరచేత్తో ఒత్తుకుంటూ సమాధానం గుడ్డను ఎంత బిగువుగా అంటించాడంటే ఎక్కడా ముడత లేదు. తలుపుల ప్యాడ్లు, స్తంభాల తొడుగులు కూడా నల్లగా మారి ఎక్కడివక్కడికి చేరాయి. పద్మనాభయ్య మళ్ళీ బిగించిన డ్రైవర్ సీట్లో కూర్చుని పైకి చూశాడు. నిజమే, దర్జాగా ఉంది. వాడు అన్న మాట నిజమే. ఫోటో తీసి పంపించాడు.

పావుగంటకు ఫోన్ మోగింది. తెర మీద పెంచల్ పేరు.

"నాయనా" అన్నాడు అవతల.

పద్మనాభయ్య ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"నీ మాట విన్నా నాయనా. నువ్వు వేరేగా అర్థం చేసుకున్నావేమోనని నేనూ అనుకున్నా, తర్వాతెప్పుడో."

"మరైతే ఒక్క మాట చెప్పుండొచ్చు గదరా."

"ఆ మెసేజ్ నెల్లూరు ఆస్పత్రి బయట, బండిలో కూర్చోని పెట్టినా. ఫేబీకి ఏడో నెల. బిడ్డ పొయినాడు. మొగబిడ్డ. ఎవురికి చెప్పుకోవాల్నో తెలీక నీకు రాసినా. నువ్వు రాసింది చూసినాక, ఇంక నీకు అర్థాలు విడమర్చి చెప్పే ఓపిక లేకపోయింది నాయనా."

పెంచల్ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది పద్మనాభయ్యకు. తిడితే పడి ఉండేవాడు. అటువైపు చిన్నపిల్ల ఏడుపు వినిపించింది.

"ఎవురురా ఏడస్తా ఉండేది?"

"పాప. పదకొండో నెల. నవోమి అని పెట్టినాం."

"యాడుండారో చెప్పరా. రేపే మీ అమ్మను తీసుకోని వస్తా. ఈ బండిలోనే వస్తా. నువ్వడిగినట్టే చేయించినా, చూసినావు గదా."

పాప ఏడుపు దూరమైంది. ఎవరో ఎత్తుకుని పక్కకు తీసుకుపోయినట్టున్నారు.

"ఆ బండి వద్దు నాయనా. ఫేబీని ఆస్పత్రికి తీసకపొయింది దాంట్లోనే. లోపల ఏ రంగేసినా అది ఆ బండే."

"బస్సులో వస్తాంలేరా."

"రావద్దు. నీ మీద కోపం లేదు, ఒట్టు. ఫేబీ ఇప్పుడిప్పుడే మనిషయింది. నీ పేరెత్తితే ఇంకా వణుకుద్ది. మనవాళ్ళను గడపలోకి రానీనని ఆమెకి మాటిచ్చినా. అమ్మతో నేనే ఎప్పుడన్నా మాట్లాడతా." గొంతు సవరించుకున్నాడు. "నా కోసం బండి పెట్టుకోని కూర్చోబాక నాయనా. అమ్మెయ్. ఉంటా మరి."

ఫోన్ ఆగిపోయింది. పద్మనాభయ్య మళ్ళీ చేశాడు. తీయలేదు. ఇంకోసారి చేశాడు. స్విచాఫ్ అని వచ్చింది. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. కొత్త గుడ్డ వాసన, సొల్యూషన్ వాసన కలిసి ముక్కులు అదిరిపోతున్నా కిటికీ దించలేదు.

సమాధానం చేతులు తుడుచుకుంటూ వచ్చి కిటికీ అద్దం మీద తట్టాడు. తలుపు తీసి లోపలికి వంగాడు.

"పెంచలేనా మాట్లాడింది? ఏమన్నాడు పెద్దాయనా, నచ్చిందంటనా?"

"మనవరాలు పుట్టిందంట" అన్నాడు పద్మనాభయ్య. "బండి అమ్మెయ్యమన్నాడు."